పిలిచిన గొంతు

నూకరత్నం పరీక్ష కుర్చీ ఎక్కగానే నన్ను కాదు, తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని అడిగింది.

"అబ్బాయ్, నువ్వెక్కడుంటావ్?"

"ఇక్కడేనమ్మా. గుమ్మం అవతలే ఉంటాను."

ఆరేళ్ళ పిల్ల నలభై దాటిన మనిషిని అబ్బాయ్ అనడమూ, ఆయన బుద్ధిగా పలకడమూ చూస్తే నాకు నవ్వొచ్చింది. ఆ గదిలో నవ్వొచ్చి చాలా కాలమైంది. ఆయన పేరు ముమ్మిడి బుల్లబ్బాయి. కాకినాడ చేపల రేవు పక్కన ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు దించే పని. రేవులో చిన్నా పెద్దా అబ్బాయ్ అనే పిలుస్తారట. పిల్ల చెవినపడ్డ పేరు అదే, నోటికొచ్చిన పేరూ అదే.

నా పేరు హైమవతి. కుటుంబ న్యాయస్థానం పై అంతస్తులో ముద్ర పరీక్ష గది నాది. నాది అంటే, యంత్రం ప్రభుత్వానిది, తిట్లు నావి.

పిల్ల తలకి వలటోపీ తొడిగి, చెవులకి మెత్తటి గిన్నెలు పెట్టాను. యంత్రం ఏ భావమూ లేని గొంతుతో ఒక్కొక్క మాటా చెబుతుంది. పాలు. చందమామ. అమ్మ. బువ్వ. నాన్న. పిల్ల ఏమీ చెప్పక్కర్లేదు, ఊరికే వినాలి. ఇందులో పెద్ద మాయేమీ లేదు. మీరు కళ్ళు మూసుకుని "అన్నానికి రా" అన్న మాట అనుకోండి. అది ఒట్టి మాటలా వినపడదు, ఎవరిదో గొంతులో వినపడుతుంది. నాకైతే చనిపోయిన మా మేనత్త గొంతులో. యంత్రం చేసేదల్లా మెదడులో లేచిన ఆ గొంతుని పట్టుకుని, మా దగ్గరున్న గొంతు నమూనాలతో పోల్చి చూడడం. "అమ్మ" దగ్గర లేచిన గొంతు తల్లి ముద్ర. "నాన్న" దగ్గర లేచినది తండ్రి ముద్ర.

ఆ ముద్ర మీద ఒక చట్టం కట్టారు. రక్తపరీక్ష కన్నవాళ్ళెవరో చెబుతుంది, కాగితం సంతకం పెట్టినవాళ్ళెవరో చెబుతుంది, పెంచినవాళ్ళెవరో చెప్పేదేదీ లేదు కదా అని కట్టారు. ముద్ర ఉన్నవారికే బిడ్డ మీద హక్కు, వారిమీదే పోషణ బాధ్యత. చదివితే ఎంత న్యాయంగా ఉందో! మా ఊరి లాయర్లు వారం తిరక్కుండానే దాన్ని తిరగేసి చదివారు. ముద్ర పడకపోతే బాధ్యత లేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? విడిపోదామనుకున్న మగవాళ్ళు ఉయ్యాల దగ్గర నోరు కుట్టేసుకోవడం అప్పుడే మొదలైంది.

బుల్లబ్బాయిది ఆ రకం కేసు కాదు. ఆయనా భార్యా కలిసి నూకరత్నాన్ని శిశుగృహం నుంచి పెంపకానికి తెచ్చుకున్నారు. దత్తత ఉత్తర్వు కోసం ఫైలు ఆఫీసులన్నీ తిరిగి వచ్చేలోపు పిల్లకి పాలపళ్ళు రావడమూ అయింది, ఊడడమూ మొదలైంది. ఈలోపు భార్య వెళ్ళిపోయింది. ఆవిడ ఫోనులో గొంతు నమూనా ఇస్తూ నాతో దాపరికం లేకుండానే చెప్పింది. "పిల్లల్లేరని ఏడ్చానండి. వచ్చాక తెలిసింది, నాకు పిల్లలక్కర్లేదని. ఆయన్నేమీ అనకండి." ఒంటరి మగవాడికి ఆడపిల్లని దత్తత ఇవ్వరు. అది పాత నిబంధన. దాన్ని దాటించగలిగేది ముద్ర చట్టం ఒక్కటే. పిల్లలో ఆయన ముద్ర ఉంటే పిల్ల ఆయనది. లేకపోతే తిరిగి శిశుగృహానికి, అక్కణ్ణుంచి వరుసలో ఉన్న ఇంకో జంటకి. విచారణ సోమవారం.

తెర మీద ఫలితం వచ్చింది. నాన్న దగ్గర గీత లేవలేదు. చదునుగా, చెరువునీళ్ళలా ఉంది. అమ్మ దగ్గర మాత్రం గీత అంతెత్తు లేచింది. భార్య గొంతుతో పోల్చాను. కలవలేదు. రెండోసారి పోల్చాను. ఊహూఁ. యంత్రం తన పద్ధతిలో కింద ఒక వాక్యం రాసింది: తల్లి ముద్ర బలంగా ఉన్నది, వ్యక్తి తెలియదు.

శిశు సంక్షేమ కమిటీ లాయరు ఆ వాక్యం చదివి గుమ్మం దగ్గరికి నడిచాడు.

"బుల్లబ్బాయ్, మీ ఇంట్లో ఉన్న ఆడమనిషి ఎవరయ్యా?"

"ఎవరూ లేరండి. నేనూ అదీనండి."

"దాస్తే నీకే నష్టం. పిల్లని ఎవరో ఆడమనిషి పెంచింది. యంత్రం చెబుతోంది. నీ ముద్ర చుక్కంత కూడా లేదు."

బుల్లబ్బాయి నా వైపు చూశాడు. కోపంగా కాదు. డాక్టరు దగ్గర రోగం పేరు అర్థంకాని మనిషి చూసినట్టు చూశాడు.

"నాది లేదంటుందాండీ అది?"

"నాన్న అన్న మాటకి ఏమీ రాలేదండి," అన్నాను.

"మరి రోజూ దానికి జడేసేదెవరంటుందండీ?"

పిల్ల కుర్చీ దిగి వచ్చి ఆయన చొక్కా అంచు పట్టుకుంది. "పదమ్మా," అన్నాడాయన. ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళారు.

మెట్ల కింద బల్ల మీద ఎస్తేరు కూర్చుని ఉంది. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి పైకి వచ్చింది. ఈమె శిశుగృహం తరఫున ఒక బాబుని పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచీ పెంచింది. దత్తతకి అడిగింది. రాజమండ్రి జంట ఒకటి కూడా అడిగింది. బాబు మెదడులో అమ్మ అన్న మాట దగ్గర ఎస్తేరు గొంతు లేవలేదు. బాబుని వాళ్ళకిచ్చారు.

"ఇంకోపాలి పెట్టి చూడండమ్మా," అంది, ఎప్పుడొచ్చినా అనే మాటే.

"ఆ దత్తత పూర్తయిపోయింది ఎస్తేరూ. చెల్లిన దత్తతని ఎవరూ రద్దు చెయ్యలేరు. నువ్వూ, నేనూ, జడ్జిగారూ కూడా."

"రద్దు చెయ్యమనట్లేదమ్మా. పెట్టి చూడమంటున్నాను."

రేపు చూద్దాం అన్నాను. అలసిపోయిన మనుషులందరూ చెప్పే అబద్ధం అదే కదా!

* * *

ఆదివారం మా అల్లుడు ప్రణీత్ వచ్చాడు. వచ్చాడంటే, మా అమ్మాయి లాస్య తలుపు తీసింది, అతను లోపలికొచ్చి సోఫాలో కూర్చున్నాడు, లాస్య బాబుని తెచ్చి ఒళ్ళో పెట్టింది, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు.

వాళ్ళిద్దరూ విడాకులకి వేసుకున్నారు. బాబుకి రెండో ఏడు. ప్రణీత్ చెడ్డవాడు కాడు. వాళ్ళ లాయరు చెప్పాడట, కేసు తేలేదాకా పిల్లాడి దగ్గర నోరు విప్పకు, నువ్వు అన్న ప్రతి మాటా పద్దెనిమిదేళ్ళ భరణం అని. అందుకని వస్తాడు, ఒళ్ళో పెట్టుకుంటాడు, తల వాసన చూస్తాడు, నోరు మాత్రం తెరవడు. బాబు అతని పెదాలని వేళ్ళతో పట్టుకుని లాగి చూస్తాడు. బొమ్మ పాడైందేమోనని చూసినట్టు.

నా సంగతి అంతకంటే గొప్పది కాదు. లాస్య నన్ను మనవడితో మాట్లాడనివ్వదు.

"నువ్వు రోజంతా కబుర్లు చెబితే వాడిలో నీ గొంతు పడిపోతుందమ్మా. నా ముద్ర పలచనైపోతే? నీకు తెలియనిదేముంది, నీ యంత్రమేగా!" అంటుంది.

నా యంత్రమే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. మా ఇంట్లో నిజంగానే నాలుకలు పోయాయి. నేను మనవడికి చేత్తో చందమామని చూపిస్తాను, చప్పట్లు కొడతాను, మూగదానిలా తల ఊపుతాను. వాడు నన్ను మాటలు రాని ముసలామె అనుకుంటూ ఉండాలి. ఒక్కోసారి స్నానాలగదిలోకి వెళ్ళి, పంపు తిప్పి, వాడి పేరు గట్టిగా పిలిచి వచ్చేదాన్ని. సిగ్గుగా ఉంది చెప్పడానికి.

ప్రణీత్ వెళ్ళిపోయాక లాస్య బాబుని చంకనేసుకుని పెరట్లో అన్నం పెడుతోంది. నేను వంటింటి గట్టు తుడుస్తున్నాను. వాడు పెదాలు బిగించాడు కాబోలు, లాస్య బతిమాలుతోంది.

"ఒక్క ముద్ద నాన్నా. ఇదుగో, కాకి వచ్చింది చూడు నాన్నా. మా నాన్న కదూ. ఆఁ అను నాన్నా."

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది.

ఆ ఇంట్లో నాన్న అన్న మనిషి నోరు మెదపడు. నాన్న అన్న మాట పొద్దున్నించి రాత్రిదాకా అంటున్నది అమ్మ. రేపు ఈ పిల్లాణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెడితే, నాన్న అన్న మాట దగ్గర ఎవరి గొంతు లేస్తుంది? లాస్యది. యంత్రం దాన్ని ఎవరితో పోలుస్తుంది? మగగొంతులతో మాత్రమే. కలవదు. అమ్మ అన్న మాట దగ్గరో? వీణ్ణి అమ్మా అని ఎవరూ పిలవరు కదా. ఆ గీత పడుకునే ఉంటుంది. కన్నది, పెంచుతున్నది, ముద్ద ముద్దకీ బతిమాలుతున్నది మా అమ్మాయి. యంత్రం మాత్రం ముద్ర లేదంటుంది.

ఈ యంత్రం విదేశాల నుంచి వచ్చింది. దాన్ని కట్టినవాళ్ళ దేశంలో బిడ్డని ఎవరూ అమ్మా, నాన్నా అని పిలవరు. అక్కడి తల్లి తన గురించి తానే "అమ్మ వచ్చింది, అమ్మ పాలిస్తుంది" అని బిడ్డకి చెప్పుకుంటుంది. అందుకని ఆ మాట ఆమె గొంతులోనే నిలుస్తుంది. మనం అలాంటివాళ్ళమా? కూతుర్ని రామ్మా, తినమ్మా, పడతావమ్మా అంటాం. కొడుకుని అయ్యా, నాన్నా, మా నాన్నే అంటాం. మన ఇళ్ళలో అమ్మ అంటే పిలిచేది కాదు, పిలిపించుకునేది. ఆ మాట బిడ్డలో నిలిచేది పిలిచినవాళ్ళ గొంతుతోనే.

ఇన్నాళ్ళూ ఎందుకు బయటపడలేదంటే, తల్లులు కూతుళ్ళని అమ్మా అనే పిలుస్తారు, తండ్రులు కొడుకుల్ని నాన్నా అనే పిలుస్తారు. అక్కడ లెక్క కుదిరిపోయింది. తప్పిందల్లా తల్లికీ కొడుక్కీ మధ్య, తండ్రికీ కూతురికీ మధ్య. అవి తప్పినప్పుడు మేము మనుషుల్ని అనుమానించాం గాని యంత్రాన్ని అనుమానించలేదు.

నాకు మొదట గుర్తొచ్చింది బుల్లబ్బాయి. "ఇక్కడేనమ్మా. గుమ్మం అవతలే ఉంటాను."

* * *

సోమవారం కోర్టు తెరవకముందే ఆయన్ని గదికి పిలిపించాను. పిల్ల యూనిఫారంలో వచ్చింది. విచారణ అయ్యాక బడికి వెళ్ళాలట.

"బుల్లబ్బాయి గారూ, మీరు పిల్లని పేరు పెట్టి పిలవరా?"

ఆయన నాలుక కరుచుకున్నాడు. "నూకరత్నం మా అమ్మ పేరండి. పోయినావిడ పేరెట్టుకున్నాను. అమ్మని పేరెట్టి ఎలా పిలుస్తానండీ? కోప్పడాలన్నా పేరు నోటికి రాదండి. అమ్మా అనే అంటాను, తిట్టినా అదే, ముద్దెట్టినా అదేనండి."

ఆయన గొంతు నమూనా తీసి, శుక్రవారం నాటి రికార్డులో అమ్మ అన్న మాట పక్కన పెట్టాను. మగగొంతుని అక్కడ పెట్టడానికి యంత్రం ఒప్పుకోదు, దాని తాళం ఒకటి తీయాల్సి వచ్చింది. తీశాను. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. ఎక్కడా ఈగ దూరేంత సందు లేదు.

నాకు ఏడుపొచ్చింది. ఆనందం కాదు, అలసట. ఎందుకంటే ముందు నుయ్యి, వెనక గొయ్యి అప్పటికే కనపడుతున్నాయి.

మా డైరెక్టరు ఫణిభూషణరావు గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"యంత్రం తప్పని మీరు ఈ రోజు కోర్టులో చెబితే ఏమవుతుంది, హైమవతి గారూ?"

"పరీక్ష చెల్లదు. పాత నిబంధనే మిగులుతుంది. ఒంటరి మగవాడు. పిల్లని సాయంత్రానికి శిశుగృహానికి తీసుకుపోతారు."

"చెప్పకపోతే?"

"తల్లి ముద్ర ఆయనదేనని ఫలితం ఇస్తాను. అది అబద్ధం కాదు. పిల్ల ఆయన దగ్గర ఉంటుంది. కానీ యంత్రం మంచిదేనని నేను ఒప్పుకున్నట్టవుతుంది. రేపు ఇంకో పిల్ల, ఎల్లుండి ఇంకో పిల్లాడు."

"మీరెలా అంటే అలా," అన్నాడాయన. పెద్దవాళ్ళు బరువు దించుకునేటప్పుడు వాడే మర్యాద అది.

నేను ఎస్తేరుకి చెప్పిన మాటే నాకు దారి చూపించింది. చెల్లిన దత్తతని ఎవరూ రద్దు చెయ్యలేరు. ముందు ఉత్తర్వు. తర్వాత నిజం.

* * *

జడ్జిగారు నా కాగితం చదివి, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివారు.

"తల్లి ముద్ర, ముమ్మిడి బుల్లబ్బాయి. ఇదేంటి, అచ్చుతప్పా?"

"కాదు మేడమ్. గొంతు ఆయనదే."

కమిటీ లాయరు లేచాడు. "మేడమ్, మగవాడు తల్లి ఎలా అవుతాడు? ఇది నవ్వులాటగా ఉంది."

జడ్జిగారు చట్టం పుస్తకం తెప్పించి వేలితో వెతికారు. "తల్లి అనగా తల్లి ముద్ర గల వ్యక్తి. వ్యక్తి అనే ఉందండీ. స్త్రీ అని లేదు. రాసినవాళ్ళని అడగండి నవ్వులాటెందుకో." తర్వాత నన్ను చూశారు. "యంత్రం సరిగ్గా పనిచేసిందా?"

ప్రమాణం చేసి నిలబడ్డాను. నా గొంతు నాకే వేరేవాళ్ళదిలా వినపడింది.

"దానికి చెప్పిన పని చేసింది మేడమ్. అమ్మ అన్న మాట ఈ పిల్లలో ఎవరి గొంతుతో ఉందో చెప్పమన్నాం. చెప్పింది."

ఆమె పిల్లని దగ్గరికి పిలిచారు. బల్ల మీంచి వంగి, "మీ ఇంట్లో అమ్మ ఎవరు తల్లీ?" అని అడిగారు.

"నేనే," అంది నూకరత్నం, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"మరి ఈయన?"

"అబ్బాయి."

కోర్టు గుమాస్తా నవ్వు ఆపుకోలేక దగ్గాడు. జడ్జిగారు నవ్వలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు, చాలాసేపు తుడుచుకున్నారు.

తర్వాత ఆమె బుల్లబ్బాయికి బాధ్యతలు చదివి వినిపించారు. తిండి, బట్ట, నివాసం, చదువు, వైద్యం. పెళ్ళయ్యేదాకా పోషణ. పెళ్ళి ఖర్చు. కన్నబిడ్డకున్న హక్కులన్నీ ఈ బిడ్డకీ ఉంటాయి, ఆస్తిలో కూడా. "ఇంకో సంగతి. ఇది ఒకసారి అయ్యాక వెనక్కి తీసుకోవడం ఉండదు. మీరు వద్దనుకున్నా కుదరదు, పిల్ల వద్దనుకున్నా కుదరదు. మేము వద్దన్నా కుదరదు. అర్థమైందా?"

"అర్థమైందండి. అవన్నీ కాయితంలో చెప్పాలేంటండీ?" అన్నాడు బుల్లబ్బాయి. తర్వాత కాస్త మొహమాటంగా, "మరి నన్ను తల్లని రాస్తే బళ్ళో నవ్వరాండీ?"

"నవ్వితే నవ్వనీ అబ్బాయ్," అంది పిల్ల.

సంతకం పడింది. నకలు చేతికొచ్చేదాకా నేను ఆ వరండాలోనే కూర్చున్నాను. బుల్లబ్బాయి దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని, నాకు దణ్ణం పెట్టాడు. "బడికి టైమైపోయిందమ్మా, పద పద," అంటూ పిల్లని సైకిలెక్కించుకున్నాడు. వాళ్ళు మలుపు తిరిగాక పైకి వెళ్ళి, యంత్రంలోని లోపం గురించి హైకోర్టుకీ ప్రభుత్వానికీ రాశాను. కోర్టులో ఏం చెప్పానో, ఎందుకు ఆగానో కూడా రాశాను.

* * *

తర్వాతివి మీరు ఊహించగలరు. యంత్రానికి సీలు వేశారు. నామీద విచారణ వేశారు. నెల తిరక్కుండానే భరణాల కేసులూ, బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న కేసులూ మళ్ళీ తెరిచారు. మెట్ల నిండా జనం. నన్ను తిట్టినవాళ్ళూ ఉన్నారు, కాళ్ళకి దణ్ణం పెట్టబోయినవాళ్ళూ ఉన్నారు. రెండూ ఒకేలా అలసట తెప్పించాయి. దత్తతలు మాత్రం తెరవలేదు. చెల్లిన దత్తత చెల్లినట్టే. బుల్లబ్బాయిని కాపాడిన ఆ మాటే ఇంకెవరెవరి తలుపులు మూసిందో నాకు తెలుసు.

ఇంట్లో ప్రణీత్ ఒక ఆదివారం బాబుని ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూశాడు. అడగలేదు.

"ఇంక మాట్లాడొచ్చు ప్రణీత్," అన్నాను. "రక్తపరీక్షే మళ్ళీ వచ్చింది. మాట్లాడినా భరణమే, మాట్లాడకపోయినా భరణమే."

అతను గొంతు సవరించుకున్నాడు. "నాన్నా," అన్నాడు. బాబు తల తిప్పి వంటింట్లో ఉన్న లాస్య కోసం చూశాడు. ప్రణీత్ ముఖం చూడలేకపోయాను.

"మళ్ళీ పిలువు," అన్నాను. "పిలుస్తూ ఉండు."

ఎస్తేరు చివరికి వచ్చింది. జనమంతా తగ్గాక, ఎప్పటిలాగే మెట్ల కింద బల్ల మీద కాసేపు కూర్చుని పైకి వచ్చింది. సంగతి విన్నానంది. యంత్రానికి సీలు వేశారు గాని పాత రికార్డులు పక్క కంప్యూటర్లో ఉన్నాయి. నేను అడగకుండానే బాబుది తీశాను.

"వాణ్ణి ఏమని పిలిచేదానివి ఎస్తేరూ?"

"నాన్నా అనేదాన్నమ్మా. ఇంకేమంటాం?"

నాన్న అన్న మాట దగ్గర ఆమె గొంతు పెట్టాను. గీత మీద గీత పడింది. ఆమెకి తెర చదవడం రాదు, నా ముఖం చదివింది.

"ఉందా అమ్మా?"

"ఉంది. నిండుగా ఉంది. నీదే ఎస్తేరూ. మొదటినుంచీ నీదే."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడింది. నేను చెప్పాల్సింది ఎలాగూ చెప్పాలి కనుక చెప్పేశాను. వాడు రాజమండ్రి వాళ్ళ బిడ్డే. వాళ్ళకి హక్కులున్నాయి, వాళ్ళే పోషించాలి, వాళ్ళు మంచివాళ్ళే. దాన్ని ఎవరూ మార్చలేరు. తప్పు యంత్రానిది, సంతకం నాది, శిక్ష మాత్రం నీది.

"తెలుసమ్మా. గొడవకి రాలేదు." కళ్ళు తుడుచుకుంది. "ఒక్క సాయం చేత్తారా? ఆ అమ్మగారు వాణ్ణి ఏమని పిలుస్తున్నారో కనుక్కోండి. ఏదో స్టైలు పేరెట్టారంట. వాడు పలకట్లేదంట, చెవుడేమో అని డాక్టరుకి చూపించారంట. శిశుగృహం ఆయా చెప్పింది." నా చెయ్యి పట్టుకుంది. "నాన్నా అని పిలవమనండమ్మా. పలుకుతాడు."

నేను ఊరుకుంటే పోయేది. కానీ ఆ గదిలో ఇంక దాపరికాలు వద్దనిపించింది.

"ఎస్తేరూ, ఆమె అలా పిలవడం మొదలుపెడితే, కొన్నాళ్ళకి ఆ మాట ఆమె గొంతులోకి మారిపోతుంది. వాడిలో నీదంటూ మిగిలింది అదొక్కటే. అది కూడా చెరిగిపోతుంది."

ఆమె కాసేపు తెర వైపు చూసింది. అక్కడ ఆమె గొంతు ఇంకా అలాగే, రెండు గీతలూ ఒక్కటై ఉంది.

"పోతే పోనీండమ్మా," అంది. "బిడ్డ పలక్కుండా ఉండకూడదు కదా."

నేను రాజమండ్రి నంబరు తీసి ఫోన్ చేశాను.